తొమ్మిదో గుడ్డు

ఒస్త్రావాలో ట్రాము మలుపు తిరిగే చోట
మూడో అంతస్తు, వెనకగది.
బయట మంచు. లోపల
నాలుగు బల్బుల కింద, పలకరాతి మీద
యాభై ఎనిమిది డిగ్రీల ఎండ.
హెడ్వికా కరెంటు బిల్లును ఫ్రిజ్‌కి అంటించి
అంకె కింద రెండు గీతలు గీసింది.
నేనేమీ అనలేదు.
ముప్పై ఒక్కేళ్లు బొగ్గుగనిలో దిగినవాణ్ణి,
ఎండ కొనుక్కోవడం నాకు తప్పుగా తోచదు.

ఆడ ఉడుముకి పేరు పెట్టలేదు. ‘ఆవిడ’ అంటాం.
ఆ వారం ఆవిడ తిండి మానేసింది.
పొట్ట పక్కల గుడ్ల ఆకారాలు,
సంచిలో బంగాళాదుంపల్లా.
తవ్వింది. వదిలేసింది.
మరో మూల తవ్వి, ముక్కుతో తట్టి చూసి
వెనక్కి నడిచి వచ్చేసింది.
ఏడు గుంతలు.
తేమ పెంచమన్నాడు కింది అంతస్తు కుర్రాడు.
వేడి పెంచమన్నాడు బ్ర్నో నుంచి ఒకాయన, ఫోన్లో.

నేను చెయ్యి పెట్టాను, మోచేతిదాకా.
ఇసుక మణికట్టు మీదికి జారింది,
చప్పుడు లేకుండా.
ఆ జారడం నాకు తెలుసు.
బుర్రకంటే ముందు చర్మానికి తెలుస్తుంది అది.
పైకప్పు మీద నమ్మకం లేని చోట
ఎవరు మాత్రం పిల్లల్ని దాస్తారు?

ఆ రాత్రే ఏటిగట్టున గడ్డకట్టిన బంకమన్ను
గునపంతో పెళ్లగించి, రెండు బకెట్లు మోసుకొచ్చి
ఇసుకలో కలిపాను, తడిపాను,
పిడికిలి విప్పినా ముద్ద ముద్దలా నిలిచేదాకా.
తెల్లారేసరికి ఎనిమిదో గుంత.
తోక కొన ఒక్కటే బయట.

తొమ్మిది గుడ్లు.
ఒక్కోదాని నెత్తిన పెన్సిల్ చుక్క.
ఎటు పడుకుందో అటే ఎత్తాలి,
దొర్లితే లోపలిది మునిగిపోతుంది.
పాత ఫ్రిజ్‌ని పొదిగే పెట్టె చేశాను.
హెడ్వికా దానికీ ఒక బిల్లు అంటించింది.

నూట పన్నెండో రోజు మొదటిదానికి చెమట పట్టింది.
పెంకు చీల్చుకుని వేలికొనంత తల,
పూటంతా అలాగే చూస్తూ ఉండిపోయింది
రావడం మంచిదేనా అన్నట్టు.
ఎనిమిది వచ్చాయి.
ఒకటి నా చిటికెనవేలు కరిచి పట్టుకుంది,
విడిపించబోతే ఇంకా బిగించింది.
పుట్టి గంట కాలేదు. పట్టు మాత్రం ముసలిది.

తొమ్మిదోది కదల్లేదు.
నూట ముప్పై నాలుగో రోజు.
ఒక పక్క సొట్ట. బూజు లేదు, వాసనా లేదు.
“పారెయ్” అంది హెడ్వికా, మెల్లగానే.

రొస్తిస్లావ్ మీద సొరంగం కూలినప్పుడు
పైనున్న ఆఫీసర్లు మూడో రోజుకి లెక్క తేల్చేశారు.
మేం పదకొండో రోజుదాకా
గొట్టం మీద సుత్తితో కొట్టి, చెవి ఆనించి,
కొట్టి, చెవి ఆనించి.
జవాబు రాలేదు.
హెడ్వికా అతని చెల్లెలని చెప్పానా?

ఇవాళ పొద్దున లేచేసరికి పెట్టె తలుపు తీసి ఉంది.
నా గని కోటు భుజాన వేసుకుని
తొమ్మిదోదాని మీదికి వంగి ఉంది,
ముట్టుకోకుండా, చెవి ఒకటే దగ్గరగా.
“మూసెయ్, వేడి పోతుంది” అన్నాను.

“ష్” అంది.