హంస కడుపులో

"మీ ఊళ్ళో చూడాల్సినవేంటయ్యా సుభానీ?"
కావలి నించి దిగిన పెద్దమనిషి
ఘాట్ మెట్ల మీద చెప్పులు చేతబట్టుకుని అడిగాడు.

చెప్పాను.
గాంధీ కొండ ఎక్కండి సార్,
స్తూపం చుట్టూ లైట్లు ఒకప్పుడు నేను బిగించినవే,
పడమటి మూలది కోతులు పీకేశాయి.
బ్యారేజీకి డెబ్భై గేట్లు.
పూర్తిగా లెక్కపెట్టినవాణ్ణి నేనింకా చూళ్ళేదు,
ముప్ఫై దాటగానే ఎవరో ఒకరు
మొక్కజొన్న పొత్తు తిందామంటారు.
ఉండవల్లి గుహలో రాతిమీద పడుకున్న దేవుడున్నాడు,
ఆ చీకట్లో ట్యూబులైటు పెట్టమని
నన్నెవరూ పిలవలేదు.
పిలవకపోవడమే మంచిదైంది.

దసరా దాకా ఉంటే తెప్పోత్సవం చూడండి.
హంస ఎలా ఉంటుందని మాత్రం నన్నడక్కండి.
పంతొమ్మిదేళ్ళు దాని కడుపులో కూచున్నాను.

పైన అమ్మవారు,
కింద జనరేటరూ నేనూ,
మధ్యన రెండంగుళాల చెక్క.
మంత్రం సగం, ఇంజను సగం
కలిసి నా నెత్తిమీద పడేవి.
అరుపుల్ని బట్టే తెలిసేది
ఒడ్డు దగ్గరైందో దూరమైందో.
బోల్టు ఊడిన కంతలోంచి
బాణసంచా వెలుగు వచ్చి
నా మణికట్టు మీద వాలేది
ఓసారి పచ్చగా, ఓసారి ఎర్రగా.
మూడు చుట్లు.
మూడు చుట్లకీ కలిపి
నాకు దక్కిన పండగ అంతే,
గడియారం పెట్టుకునే చోటంత.

రాత్రి వించిపేట చేరి
డీజిలు వాసన పోయేదాకా చేతులు రుద్దుకుని
మా షాహినాని అడిగేవాణ్ణి.
ఆరేళ్ళప్పుడు, "బాతు అబ్బా, పేద్ద బాతు."
తొమ్మిదేళ్ళప్పుడు,
"నీళ్ళలో ఇంకోటుంది, తలకిందులుగా.
దానికి కరెంటెవరిచ్చారు?"
పద్నాలుగొచ్చాక,
"ఫోన్లో సరిగ్గా రాలేదు."
నేను చూసిన హంస
ఈ మూడు ముక్కలే.

మరి వరదొచ్చిన ఏడు?
పులిచింతల నించి నీళ్ళొదిలారు,
గేట్లన్నీ లేపారు,
కృష్ణ ఎర్రగా, ఒక్క మాటా వినకుండా
పోతూ ఉంది.
హంసని ఘాటుకి మోకులేసి కట్టేశారు.
"తిరగదంటగా ఈసారి"
మెట్ల మీద జనం ఉసూరుమన్నారు.
జనరేటర్ ఒడ్డు మీదికెక్కింది.
కాంట్రాక్టరు వీరవెంకయ్య గారు
"కేబులు లాగి నువ్విక్కడే కూచో" అన్నారు.

కూచున్నాను.
స్విచ్చి వేశాను.
తలెత్తాను.

ఎడమ కన్ను వెలగలేదు.

మెడ వంపంతా దీపాలే,
రెక్కలకి నేను చుట్టిన దండలే,
వేలమంది చేతులెత్తి మొక్కుతున్నారు,
హారతి లేచింది, గంట మోగింది,
నా చెయ్యి మాత్రం
జేబులో టెస్టర్ వెతుకుతోంది.
హోల్డర్ వదులైందా, మూడో లైను పోయిందా,
నిన్న రాత్రి నేనే గదా చూసి దిగింది.
గంటసేపు
ఆ నల్లటి చుక్క తప్ప
నాకేమీ కనపడలేదు సార్.
హంసంతా
దాని చుట్టూ ఎక్కడో ఉండే ఉంటుంది.

ఇంటికి పోయి అన్నం ముందు
మాట్లాడకుండా కూచుంటే
షాహినా అంది,
"నువ్వు కావాలనే పెట్టావనుకున్నా అబ్బా.
అంతమందిలో
అది మనకే కన్ను కొట్టింది."

పెద్దమనిషి నవ్వి
చెప్పులు కింద పెట్టి తొడుక్కున్నాడు.
భవానీ ద్వీపం పడవకి టిక్కెట్టెక్కడని అడిగితే
చూపించాను.

ఈ ఏడు నీళ్ళు సరిపోను ఉన్నాయి,
హంస తిరుగుతుందంటున్నారు.
మళ్ళీ లోపలే నేను.
గవర్నరుపేటలో కంటికి బల్బు కొన్నాను,
రెండు కొన్నాను.
బోల్టు కంత పూడుస్తామని వడ్రంగి వస్తే
అదలా ఉండనీమన్నాను.