చివరి మడి

నయీంనగర్‌ల మా హాస్టల్.
రెండో అంతస్తు మెట్ల మలుపుల
మేకుకు వేలాడే తెల్ల పెట్టె,
సాలెగూడు సగం, దుమ్ము సగం.
మూడు పచ్చ దీపాలు, ఒకటి ఎర్రది.
ఎనభై నాలుగు ఫోన్లు
దాని దిక్కు నోరు తెరుచుకొని ఉంటయ్.

మొదటి గదికి నెట్టు పారుతది.
ఆరో గదికి జారుతది.
పదకొండుకొచ్చేసరికి తడి.
మాది ఇరవై రెండు, బాత్రూముల అవతల.
బకెట్ బోర్లేసి ఎక్కి, కిటికీ ఊచల్లకెల్లి చెయ్యి చాపితే
ఒక గీత కనబడుతది,
చెయ్యి నొయ్యంగనే పోతది.

మా తాత నీరటి.
భుజం మీద పార, చెవి సందుల సగం తాగిన బీడీ,
చెరువు కట్ట దిగి తూము ఎత్తి
ముందు చివరి మడికి పారిచ్చేటోడు.
తలాపు మడోళ్లు తిట్టేటోళ్లు.
"మీకెట్లన్న వస్తయ్‌రా, పండుకున్నా వస్తయ్.
కొసోనికి నేను పోతేనే వస్తయ్" అనేటోడు.
నెట్టంటే ఏందో తెల్వకుండనే పోయిండు.

సారక్క మా గదిదే. ఏటూరునాగారం అవతల ఊరు.
స్కాలర్‌షిప్ ఫారానికి ఆ రాత్రే ఆఖరు.
ఆదాయం కాయితం కోసం వాళ్ల నాయిన
తహశీల్ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగిండు,
నాలుగు రోజుల కూలి పోయినంక సంతకం దొరికింది.
ఆ కాయితం ఇప్పుడు
నూటికి తొంభై ఒకటి దాకా ఎక్కి
ఆగుతది.
మళ్లీ మొదటికి.
ఆరుసార్లు.
ఏడోసారి ఆమె ఏడ్వలేదు, గోర్లు కొరుకుడు షురూ చేసింది.

ఎవరు గుంజుతున్నరని గదిగదికి పోయిన.
ఎవరూ కాదట.
రుక్సార్ వాళ్ల అక్కకు పొద్దున్నే బిడ్డ పుట్టింది,
ఫోన్ల ఆ పసి మొఖం గళ్లుగళ్లుగ పగిలిపోతుంటే
"జర ఆగు, కండ్లు తెరుస్తున్నది" అన్నది.
మంగ్తి రేపటి పరీక్షకు పాఠం దించుకుంటున్నది.
తొమ్మిదో గదోళ్లు సినిమా. ఒప్పుకోలేదు గాని
తలుపు కిందికెల్లి పాట వస్తున్నది.

మెస్సులకెల్లి స్టీలు పళ్లెం, గంటె తెచ్చిన.
వరండా ఆ కొస నుంచి ఈ కొస దాకా కొట్టుకుంట నడిచిన.
"పది నిమిషాలు! అందరు బంద్ చేయున్రి!
కొస మడికి నీళ్లు పోవాలె!"
"ఏం నీళ్లే, పిచ్చి లేసిందా?"
"మీ తాత మాకేమైతడు?"
అనుకుంటనే ఒక్కొక్కరు బంద్ చేసిన్రు.

సారక్క పెట్టె కింద మెట్టు మీద
దుప్పటి కప్పుకొని, ల్యాప్‌టాప్ ఒళ్లె పెట్టుకొని.
కాజీపేట దిక్కు రైలు కూత.
తొంభై ఒకటి. తొంభై రెండు.
తొంభై ఆరు కాడ
మళ్లీ నిలబడ్డది.
పదకొండు నలభై ఆరు.

అప్పుడు వినబడ్డది,
కింద వార్డెన్ గదిల
ఎవరో కోడలు ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తున్నది.
సీరియల్.
అసలు తలాపు మడి అది, మేం మరిచేపోయినం.

ఇరవై మందిమి పోయి తలుపు కొట్టినం.
కనకలక్ష్మి మేడం తలకు నూనెతోని వచ్చింది.
మమ్మల్ని చూసింది, నా చేతిల గంటె చూసింది.
"నాలుగు నిమిషాలల్ల అయిపోతదమ్మా,
ఆ పిల్ల బతుకుతదో లేదో..."
ఎవ్వరం మాట్లాడలేదు.
టీవీ బంద్ చేసి, చెప్పులేసుకొని
మాతోనే పైకొచ్చింది.

వంద.

దరఖాస్తు నంబరు సారక్క అరచేతిల రాసుకున్నది,
చర్మం గుంట పడేటట్టు పెన్ను ఒత్తి.
కొద్దిసేపు ఎవ్వరూ ఫోన్ తెరువలేదు.
మీద ట్యాంకు నిండి పొర్లుతున్న సప్పుడు,
మోటరు బంద్ చేసుడు అందరం మరిచినం.

తెల్లారి మెస్సు మెనూ వెనుక వంతులు రాసి అంటించిన.
కొస గదులు ముందు.
నాలుగు రోజులు నడిచింది.
ఐదో రోజు ఆ కాయితంల ఎవరో
ఇడ్లీ చుట్టుకొని క్లాసుకు పోయిన్రు.
మేడం మాత్రం
సీరియల్ పెట్టే ముందు రోజూ
మెట్ల కిందికొచ్చి నిలబడి, తలెత్తి అడుగుతది:
"ఇరవై రెండుకు వస్తున్నదా?"