డెబ్బై వాట్లు

మా హిరోసాకిలో సిగ్నళ్ళు నిలువుగా ఉంటాయి.
అడ్డంగా పెడితే నెత్తిన మంచు ఎక్కువ కూర్చుంటుందని
ఎవరో ఎప్పుడో ఆలోచించి పెట్టారు.
అంత ముందుచూపున్న ఊరు.
అయినా ఈ ఫిబ్రవరి తెల్లవారుజామున
పదిహేనడుగుల కర్ర పట్టుకుని
నడిరోడ్డు మీద నిలబడి
స్తంభానికి ముఖం కడుగుతున్నాను.

పాత బల్బు డెబ్బై వాట్లు తినేది.
అందులో కంటికి దక్కేది చారెడు,
మిగతాదంతా వేడి.
దండగ అన్నారు. దండగే,
కాగితం మీద నాకూ అలాగే కనిపించింది.
కానీ ఆ దండగే
రాత్రంతా, ఎవరూ చెప్పకుండా,
అద్దం మీద పడ్డ మంచును చుక్కచుక్కగా కిందికి దించేది.
దానికి ఎవరూ జీతం కట్టలేదు,
అందుకే అది పని అని ఎవరికీ తోచలేదు.

ఇప్పటి ఎల్‌ఈడీ పదిహేను వాట్లతో బతికేస్తుంది.
ఏడాదికోసారి మాడిపోదు.
ఎండ ఎదురు కొట్టినా రంగు దాచుకోదు.
మంచిదే, చెడ్డదంటే కళ్ళు పోతాయి.
ఒకసారి అద్దానికి వేలు ఆనించి చూశాను:
చచ్చిన చేప ఒళ్ళు.

ఎంత కరెంటు ఆదా అయిందో
ఆఫీసు గోడకి హొన్మా అంటించాడు, ఎర్ర సిరాతో గీత కొట్టి మరీ.
వ్యాను తాగే డీజిలూ, నా ఓవర్‌టైమూ,
కర్ర చివర అరిగిపోయే రబ్బరు పలకా అందులో లేవు.
అవి వేరే పద్దు.

దీపం కింద చీకటి సంగతి అందరికీ తెలుసు.
దీపం ముఖాన తెలుపు, ఇది కొత్త.

ఏడింటికి బ్యాంకు మూల మీద
నరవోకా మిత్సు గారు ఆగింది,
వెనక తాడు కట్టి లాగే చిన్న జారుబండి,
దాని మీద కిరసనాయిలు డబ్బా.
మూడు కళ్ళూ తెల్లగా పూడిపోయిన స్తంభాన్ని చూసి,
"ఇప్పుడే రంగు, అబ్బాయీ?" అంది.
నాకు అరవై ఒకటి. రంగు నాకూ తెలీదు.
కర్రతో గీకితే పెళ్ళ ఊడి
సరిగ్గా నా మెడలోకి జారింది.
"పచ్చ!" అని అరిచాను.
(పచ్చని మేం నీలం అంటాం, అది వేరే గొడవ.)
ఆవిడ తాడు సవరించుకునేలోపు
అది ఎరుపైపోయింది.

నిలబడ్డ చోటే చెప్పింది:
"నాది పదిహేను ఆంపియర్ల ఇల్లు.
కాళ్ళ హీటరూ, అన్నం కుక్కరూ, మైక్రోవేవూ
ముగ్గురు సవతులు.
కలిసి కూర్చున్నారా, టప్పున ఇల్లంతా చీకటి.
ఇంకో పది అడిగితే నెలనెలా ఎక్కువ కట్టమంటారు,
వాడినా వాడకపోయినా.
అందుకని ముందు వండుకుంటాను,
తర్వాత వెచ్చబడతాను."
"మరి అన్నం చల్లారదూ?"
"చల్లారుతుంది" అంది, రంగు మారగానే వెళ్ళిపోయింది.

హొన్మాకి చెప్పని సంగతి ఒకటుంది.
బల్బులు మార్చిన ఏడు
పన్నెండింటిని 'పగిలినవి' అని రాసి ఇంటికి తెచ్చాను.
డిసెంబరు నుంచి మార్చి దాకా
పెరటి కొట్లో ఒకటి వెలుగుతూనే ఉంటుంది,
ముల్లంగి దుంపలకీ మూడు పెట్టెల ఆపిళ్ళకీ.
అవి చూడనక్కర్లేదు, గడ్డకట్టకపోతే చాలు.
బిల్లు వచ్చిన రోజు మా చియే ఏమీ అనదు,
కాగితం నా కంచం పక్కన పెడుతుంది.
నేను ఒక ఆపిల్ కోసి సగం ఆవిడకిస్తాను.
కరకరమంటుంది. అదే నా జవాబు.
చలికాలానికొకటి చొప్పున మాడుతున్నాయి,
ఇంకా ఏడున్నాయి.
కొత్తవి ఎవరూ చేయడం లేదట.

ఈ ఉదయం ఇంకా పద్నాలుగు కూడళ్ళు.
వ్యాను ఎక్కబోతూ వెనక్కి చూశాను.
బ్యాంకు మూల మీద ఎరుపు
అప్పుడే సగమే ఉంది.