చదివి వినిపించితిని

మార్మలేడ్ డబ్బాలో పదకొండు ఉత్తరాలు.
ఐల్సా పెట్రీ వాటిని వంటింటి బల్లమీద పరిచి
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది,
రక్తపరీక్ష ఫలితం కోసం వచ్చినట్టు.
డండీ ఆస్పత్రిలో నేను రోజూ ఇచ్చేవి అవే.

"మా అమ్మమ్మ పోర్చుగీసు మనిషని చెప్పేవాళ్ళు."
సమాధి రాయి మీద సారా.
కవర్ల మీద కూడా సారా, ఎవరో గుమాస్తా ఇంగ్లీషులో.
లోపల మాత్రం
చిరంజీవి సౌభాగ్యవతి సూరమ్మకు.

ఆ పేరు పైకి చదివానో లేదో
ఐల్సా వెనక్కి తిరిగి గుమ్మంకేసి చూసింది.

టిటాగడ్ జనపనార మిల్లు కూలి లైన్లలోంచి
అక్క పోలమ్మ రాయించినవి,
దొరల బిడ్డను చంకనేసుకుని ఓడెక్కి,
ఆ బిడ్డ బడికెళ్ళాక ఒక మరమేస్త్రీని చేసుకుని
ఇక్కడే ఉండిపోయిన చెల్లెలికి.
ఇద్దరికీ అక్షరం ముక్క రాదు.

ఉభయకుశలోపరి అంటే ఏమిటని అడిగింది ఐల్సా.
ఇటూ అటూ బాగున్నామని చెప్పుకున్నాక
మిగిలినది, అన్నాను.
ఆ మిగిలినది ప్రతిసారీ కొంచెమే.
మేక ఈనినది. బాకీ తీరలేదు.
పిల్లవాడు పోయినాడు, పేరు పెట్టకమునుపే.
అంతా రాసేవాడి గ్రాంథికం.
ఒక్కచోట మాత్రం అతని కలాన్ని తోసుకుని ఆమె నోరు:
"ఇక్కడి నార మీ ఊరికే ఎల్తాదట గదే.
ఓ బేలు లోపట నా కోక అంచు పీలిక కట్టీసినాను.
నీ సేతికి దొరికినాదేటి?"

దొరికిందో లేదో.
సూరమ్మ రాయించిన జవాబులు ఆ దరిన ఎక్కడో చెదలు తినేసి ఉంటాయి.
మా ముందున్నది సగం మాట,
గోడవతల ఫోనులో మాట్లాడే మనిషిలా.

ఐల్సాకు ఊరి పేరు కావాలి.
ఆమె గీసిన వంశవృక్షంలో ఆ గడి ఖాళీ.
పదకొండూ వెతికాను.
మనూర్లో వానలు లేవు.
మనూరినుంచి మనిషి వచ్చినాడు.
మనూరు మళ్ళీ ఎప్పుడు చూతుమో.
ఇద్దరికీ తెలిసిన ఊరికి పేరెందుకు?
ఆ మాట ఎలా రాయాలో అడిగి
ఐల్సా ఫోనులో మ్యాపు తెరిచింది.
నేను ఆపలేదు.

కాగితం వెనక మరో చేతిరాత.
"చదివి వినిపించితిని. మల్లాడి సత్తియ్య, కోరంగి. గ్లెన్‌మారీ ఓడ."
ఇంకోదాని మీద
"చదివి వినిపించితిని. మైలపల్లి ఎర్రయ్య, భీమునిపట్నం."
ఇతని ఓడ పేరు మీద వాన చినుకు పడింది.

కలకత్తా నారతో ఓడ వచ్చిందంటే
హిల్‌టౌన్ వాలు దిగి రేవుకు పోయేదట,
కూతురి చెయ్యి పట్టుకుని,
తెలుగు చదివేవాడెవడైనా ఉన్నాడా అని
ఓడ దిగిన ప్రతి నల్ల మొహాన్నీ అడుగుతూ.
ఒక ఉత్తరం ఏడు నెలలు ఆగింది.
"నావికుడు ఏదో అప్పజెబుతుంటే
అమ్మ తల ఊపుతూ నిలబడేదని మా అమ్మ చెప్పేది.
అప్పు తాలూకు కాగితాలనుకుందట, పాపం."

పదకొండోదాని వెనక ఏమీ లేదు.
ముప్పై తొమ్మిది, నవంబరు.
యుద్ధం. రేవు గేటు దగ్గర తుపాకులు.
కవరు చింపి ఉంది. మడతలు అరిగి గుడ్డలా మెత్తబడ్డాయి.
ఎన్నిసార్లు విప్పి చూసుకుందో, చదవలేని దాన్ని.

మార్జినులో చీమల్లాంటి అక్షరాలు:
"అమ్మా, ఇది రాయువాడను చెప్పుచున్నాను. ఈమె వద్దన్నది.
చూపు పూర్తిగా పోయినది.
మీరు పంపిన ఫోటో తలకిందులుగా పట్టుకుని
మా చెల్లి అని లైనులో అందరికీ చూపుచున్నది.
మేమెవ్వరమూ సరిచేయలేదు."

మొదటినుంచి మళ్ళీ చదివాను, తెలుగులోనే, గట్టిగా,
రేవులో గాలికి వినబడాల్సినంత గట్టిగా.
ఒక్క ముక్క అర్థంకాకుండానే
ఐల్సా తల ఊపుతోంది.

తర్వాత పెన్ను నా వైపు తోసింది.

చదివి వినిపించితిని.
పేడాడ హైమ, నరసన్నపేట.
ఓడ పేరు దగ్గర చెయ్యి ఆగింది.
టీ చల్లారింది. కిటికీలో టే నది బూడిదరంగు.
ఇరవైరెండో నంబరు బస్సు,
అని రాశాను.