ఊరి రేటు

హౌరా బండి దిగి జ్ఞానాపురం గేటు దాటేసరికి
తెల్లారుజాము నాలుగున్నర.
వీపు మీద సంచి చూసి
నన్నూ పరాయిదాన్నే అనుకున్నారు.
"మేడమ్, హోటల్? అరకూ? బొర్రా గుహలూ?"
సంచి పట్టీ మీద ఒక చెయ్యి పడనే పడింది.
పెదవాల్తేరుకి ఆరొందలట.

మొన్న హనోయ్‌లోనూ ఇంతే.
ఒకావిడ తన కావడి నా భుజానికెత్తి
ఫొటో తీసుకోమంది. నవ్వాను, తీసుకున్నాను.
ఆనక నాలుగు అరటిపళ్ళకి
రెండ్రోజుల తిండి డబ్బు గుంజింది.
అవే పళ్ళు చిల్లరకి కొన్న ముసలాయన
నా మొహం ఒకసారి చూసి
తన చెప్పులకేసి చూసుకున్నాడు.

"ఏటి బావూ, ఆరొందలా?
నానేటి ఓడ దిగొచ్చాననుకున్నావేటి?"

పైడయ్య నాలిక కరుచుకున్నాడు.
"మనూరోలేటమ్మా! ముందే సెప్పొద్దేటి?
నూటెనభై ఇచ్చీండి."
సంచి తనే ఎత్తి సీట్లో పెట్టాడు,
మా వీధిలో నీళ్ళొస్తున్నాయా అనడిగాడు.

పక్క ఆటో దగ్గర
మొక్కజొన్న పీచు రంగు జుట్టు కుర్రాడు
వేళ్ళు మడిచి లెక్కేసుకుంటున్నాడు.
బీచి రోడ్డుకి ఎనిమిదొందలు.
నాకేసి చూశాడు,
అంతేనా అన్నట్టు.

"రెండొందలు చాలు" అనడానికి
ఎంత ఊపిరి కావాలి?

"మీకాడ తగ్గించింది
ఎక్కడోకాడ కలవాల గదమ్మా"
హ్యాండిల్ గుంజుతూ అన్నాడు పైడయ్య.

ఆటో ఒకసారి దగ్గి కదిలింది.
నా చెప్పులకి
ఆ ఊరి బురద, ఎండిపోయి, ఇంకా ఉంది.