గుండీ

కోడి నెత్తురు, ఒక శాతం.
ఉప్పునీళ్లలో మూడుసార్లు కడిగింది.
ప్లాస్టిక్ పలక మీద తొంభై ఆరు గుంతలు,
గుంతకో బొట్టు.
ఇక బల్ల కదపకూడదు.
నలభై నిమిషాలు.

వైరస్ ఉంటే
ఎర్రకణాలు ఒకదాన్నొకటి పట్టుకుని
గుంత అడుగంతా పలచటి దుప్పటి పరుస్తాయి.
లేకుంటే జారి, జారి
నడిమధ్యలో ఒకచోట కుదురుకుంటాయి
చంటిపిల్ల చొక్కా గుండీ అంత.

ఆరేళ్లుగా నేను
గుండీ కోసం ఎదురుచూసే మనిషిని.

రోడ్డుకి అవతల, రెండో అంతస్తులో
చెంగల్రాయులు రాత్రంతా ఫ్లాస్కు మరగబెడతాడు.
భాస్వరానికో వలయం తగిలిస్తాడు,
వలయానికి ఒకసారి క్లోరిన్, ఒకసారి ఫ్లోరిన్,
ఒకసారి ఏమీ లేకుండా, చూద్దామని.
వెల్లుల్లి కుళ్లిన వాసన.
హాస్టల్లో అన్నం ముద్దకీ అదే వాసనంట,
పక్కన కూర్చునేవాడు లేడంట.
చిటికెడు పొడి చిన్న సీసాలో పోసి
పొద్దున్నే ఎండలో నడిచొస్తాడు.
"ఇది మాత్రం పనిచేస్తాదక్కా."
పదకొండు సీసాలకీ అదే మాట.

గుడ్లు చిత్తూరు హేచరీ నుంచి.
తొమ్మిది రోజుల పిండాలు, ఒళ్లో అట్ట ట్రే,
బస్సు గుంతలో పడినప్పుడల్లా నా మోకాళ్లే స్ప్రింగులు.
కండక్టర్ నవ్వాడు: "వీటికీ టికెట్ కొట్టాల్నామ్మా?"
కొట్టాలేమో. ప్రాణాలే కదా, యాభై.

చీకటిగదిలో గుడ్డు వెనక లైటు పెడితే
లోపల చింతచిగురు ఈనెల్లా నరాలు,
మధ్యలో ఒక చుక్క, ఉలిక్కిపడుతూ.
అక్కడే సూదిమొన అంత రంధ్రం చేస్తాను.
ముందు మందు. తర్వాత కొక్కెర రోగం.
మైనం చుక్కతో మూసేస్తాను,
ఉత్తరం అంటించినట్టు.

ఏడో సీసా రోజు
వరుస వరుసంతా గుండీలే.
ఫోను చేస్తే చెప్పులు మరిచి పరిగెత్తుకొచ్చాడు,
కాళ్లు తారుకి కాలి బొబ్బలెక్కాయి.
ఇద్దరం పలక మీద వంగి
ఊపిరి తగిలితే చెరిగిపోతుందేమోనని నోరు మూసుకున్నాం.
తర్వాత నాకు గుర్తొచ్చింది,
వైరస్ ఇవ్వకుండా మందు మాత్రమే ఇచ్చిన అయిదు గుడ్లు.
చీకటిగదికి తీసుకెళ్లి లైటు పెట్టాను.
ఒక్కటీ ఉలిక్కిపడలేదు.
ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టాం.

అతను ఏమీ అనలేదు.
బొబ్బల మీద కొళాయి నీళ్లు పోసుకుని
చాలాసేపు పోసుకుంటూనే ఉన్నాడు.

పదకొండోది, పదింతలు పలుచన చేసి:
అయిదొందల పన్నెండు ఉండాల్సిన లెక్క
అరవై నాలుగుకి దిగింది.
పిండాలు ముప్పై గంటలు ఎక్కువ బతికాయి.
ముప్పై గంటలు. అంతే.
థీసిస్‌లో దానికో మాట ఉంది: "ఓ మోస్తరు."

ఆదివారం ఐతేపల్లికి పోయాను, రెడ్డివారి మిద్దె దాటి
చివరి ఇల్లు, మొగిలమ్మది.
పోయిన ఎండాకాలం ఆమె కోళ్లు ముప్పై రెండు
పచ్చగా పారి, మెడలు తిప్పుకుని
నాలుగు రోజుల్లో వరసగా పడిపోయాయి.
నేను నమూనాకి తీసుకున్న వైరస్ ఆ ఇంటిదే.
"మందు వొచ్చిందా మేడం?"
ఇంకా లేదు, ఒక రోజు ఎక్కువ బతికించే దాకా వచ్చాం అన్నాను,
తక్కువ చేసి, సిగ్గుపడుతూ.
ఆమె కళ్లు మెరిశాయి.
"ఒక దినమా! అయ్యో, ఆ ఒక్క దినం ఉంటే
అన్నీ గంపకెత్తి పాకాల సంతలో అమ్మేసుందును కదా!"

నవ్వాను. తర్వాత నవ్వు ఆగింది.
ఆ గంప ఎన్ని ఊర్లు తిరిగేదో
లెక్కగట్టే చదువు కదా నాది.
టీకా వేయించమ్మా, చుక్కల మందు, ముందుగానే, అని చెప్పాను.
ఆమె తల ఊపింది, మర్యాదకి.

ఈ రోజు పన్నెండో సీసా.
లేత పసుపు. క్లోరిన్ లేదు, ఫ్లోరిన్ లేదు,
కొస మీద ఏదో కొత్త కొక్కెం తగిలించానన్నాడు.
"ఇది మాత్రం..." అనబోయి ఆగాడు.
నెత్తురు ఎప్పట్లా షెడ్డులోని ఎర్రపుంజుదే,
రెక్క కింద దూది నొక్కిపెట్టేదాకా
నా వైపే చూసింది, ఒంటికంటితో.

ముప్పై ఎనిమిదో నిమిషం.
ఫ్యాను ఆపేశాను.
కిటికీలో శేషాచలం ఎండకి తెల్లబోయి ఉంది.
మొదటి వరుస ఇంకా తేలుతోంది,
ఎటు వాలాలో తేల్చుకోకుండా.