కమ్మరి వీధిలో సూదులు

కమ్మరి వీధిలో సూదులమ్మకూడదనేవారు.
నిన్న నేను కొన్నాను.
పాతిక సూదుల పొట్లం, పది రూపాయలు,
సరిగ్గా మా కొలిమి ఉన్నచోట.

ఇప్పుడది ఫ్యాన్సీ షాపు.
తిత్తి ఉన్న మూల గాజుల స్టాండు,
దాగలి పాతిన చోట కూల్‌డ్రింకుల ఫ్రిజ్జు.
నేల మాత్రం అక్కడ ఇంకా కాస్త కుంగే ఉంది,
ఫ్రిజ్జు ఊగకుండా అట్టముక్క మడిచి పెట్టారు.

మా తాత పడవ మేకులు కొట్టేవాడు.
ఏలూరు కాలవలో పడవలు పోయాయి.
మా నాన్న బండి చక్రాలకి పట్టాలెక్కించేవాడు.
పిడకల మంటలో ఎర్రబడ్డ పట్టా
చక్రం మీద కూర్చోగానే బిందెతో నీళ్లు పోస్తే
వీధంతా ఆవిరి,
బడికెళ్లే పిల్లలు బడి మర్చిపోయేవాళ్లు.
బండ్లూ పోయాయి.
నా మొగుడు సత్యలింగాచారి నన్ను వెంటబెట్టుకుని
ఆటోనగర్ వెళ్లాడు, లారీల కమాను కట్టలకి.
అతను పటకారు, నేను సమ్మెట.
"ఆడమనిషి దెబ్బకి కట్ట వంగుద్దా" అని నవ్విన డ్రైవరు
ఆ కట్టమీదే గౌహతి దాకా వెళ్లి
వచ్చేటప్పుడు నాకు టీపొడి తెచ్చాడు.

ఎడమ చెవి అక్కడే పోయింది.
కుడిది ఉంది, సగం.

మనవడు ఉపేంద్రకి కానూరులో లేజర్ కటింగు.
తెరమీద గీత గీస్తాడు, మీట నొక్కుతాడు,
మందపాటి రేకు అరటాకులా తెగుతుంది.
"మరి కొట్టేదెక్కడరా?" అన్నాను.
"కొట్టక్కర్లేదు మామ్మా."
అంచు వేలితో తడిమాను.
తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.
వాడి భుజాలు చూశాను,
సన్నగా, ఏ నొప్పీ ఎరగకుండా ఉన్నాయి.
సంతోషమే.
అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు,
నిశ్శబ్దంగా తెగిన ఇనుము
ఏదో చెప్పబోయి ఆగినట్టనిపించి.

షాపులోనే ఒక సూది తీసి వంచి చూశాను.
చేతులకి అలవాటు.
వంగింది. వెనక్కి రాలేదు.
"దీనికి నీళ్లు సరిగ్గా పట్టలేదమ్మా" అన్నాను
గల్లా దగ్గర పిల్లతో.
ఫ్రిజ్జు కిందకి చూసి,
"ఎక్కడా కారట్లేదే మామ్మగారూ" అంది.

సరేలే అన్నాను.
ఇంకో సూదికి దారం ఎక్కించి ఇమ్మన్నాను.
జాకెట్టు చంక కింద చిరిగింది.
సమ్మెట వదిలి ఇరవయ్యేళ్లు,
ఇప్పటికీ ముందు కుడివైపే చిరుగుతుంది.